బేరం దగ్గర ఎవరికి వారే: పసిఫిక్ దీవుల లోతుసముద్ర ఖనిజాల ప్రాజెక్టుపై సమీక్ష

పసిఫిక్ మహాసముద్రంలోని 15 దీవి దేశాలకు సముద్రగర్భ ఖనిజాల గురించిన శాస్త్ర సమాచారాన్ని, చట్టాలు రాసుకోవడంలో సాయాన్ని, అధికారులకు శిక్షణను ఒకే చోటి నుంచి అందించాలని 2011లో మొదలైన ఎస్‌పీసీ–ఈయూ డీప్ సీ మినరల్స్ ప్రాజెక్టు గురించి ఈ సమీక్ష. ఐరోపా సమాఖ్య ఇచ్చిన సుమారు 44 లక్షల యూరోలతో, పసిఫిక్ కమ్యూనిటీ (ఎస్‌పీసీ) అనే ప్రాంతీయ సంస్థకు ఫిజీ రాజధాని సువాలో ఉన్న భూవిజ్ఞాన విభాగం దీన్ని 2016 దాకా నడిపింది. ప్రాజెక్టు ముగిసినా దాని నివేదికలూ నమూనా నిబంధనలూ ఇప్పటికీ ఉచితంగా దొరుకుతున్నాయి, దాని సాయంతో రాసుకున్న చట్టాలు అమల్లో ఉన్నాయి, ఆ దేశాల పూచీ మీద సముద్రంలోకి దిగిన కంపెనీలూ ఉన్నాయి. అందుచేత దీన్ని ఇప్పుడు సమీక్షించడంలో ఆలస్యం ఏమీ లేదని నా అభిప్రాయం.

విశాఖపట్నంలో భూగర్భశాస్త్రం బోధిస్తూ ఈ నివేదికలను ఏళ్ల తరబడి తరగతిలో వాడినందువల్ల వాటి మంచిచెడ్డలు నాకు కొంత తెలుసు. ముందే చెబుతున్నాను: విజ్ఞానం అందించడంలో ఈ సేవకు పూర్తి మార్కులు వేస్తాను, చట్టం అందించడంలో మంచి మార్కులే వేస్తాను, కానీ 15 దేశాలనూ ఒకే పక్షంగా బేరానికి కూర్చోబెట్టే పని దీనివల్ల జరగలేదు, ఆ లోపానికి మూల్యం ఆ దేశాలు ఇప్పుడు చెల్లిస్తున్నాయి.

2013లో వెలువడిన నివేదిక సంపుటాలతో మొదలుపెడతాను. నార్వేలోని గ్రిడ్-అరెండాల్ సంస్థతో కలిసి తయారుచేసిన వీటిలో ఒకటి సల్ఫైడ్ నిక్షేపాలకు, ఒకటి సముద్రపు అడుగున దొరికే లోహపు ముద్దలైన మాంగనీసు నాడ్యూల్స్‌కు, ఒకటి కోబాల్టు ఎక్కువగా ఉండే ఫెర్రోమాంగనీసు పొరలకు కేటాయించారు. మరొకటి ఈ తవ్వకాలకూ దీవుల ఆర్థిక భవిష్యత్తుకూ ఉన్న సంబంధాన్ని చర్చిస్తుంది. మూడు ఖనిజాలనూ ఒకే గాటన కట్టకపోవడం వీటి మొదటి గుణం. సముద్రగర్భంలోని వేడినీటి ఊటల చుట్టూ పేరుకునే సల్ఫైడ్లలో రాగి, బంగారం ఉంటాయి. నీటి అడుగున ఉన్న కొండల వాలుల మీద అట్టకట్టిన పొరలను రాతి నుంచి ఊడబెరకాలి. నాడ్యూల్స్ 4,000 నుంచి 6,000 మీటర్ల లోతున బురద మీద విడివిడిగా పడి ఉంటాయి. ఒకదాన్ని తీయడానికి వాడే యంత్రం మరొకదానికి పనికిరాదు, ఒకచోట జరిగే నష్టాన్ని చూసి మరొకచోటి నష్టాన్ని లెక్కకట్టలేం. ప్రతి ఖనిజ సంపుటమూ భౌతిక, జీవ, పర్యావరణ, సాంకేతిక విషయాలను వరసగా చెప్పుకుంటూ పోతుంది కనుక, ఏమీ తెలియని అధికారి చేతికిచ్చినా వారం రోజుల్లో కంపెనీ ప్రతినిధిని తగిన ప్రశ్న అడగగలిగే స్థితికి వస్తాడు. అంతకుముందు మేము వాడిన పాఠ్యపుస్తకంలో నాడ్యూల్స్‌కు దక్కింది ఒక్క పేరా మాత్రమే. అందులోనూ అవి ఏరుకోవడమే తరువాయి అన్నట్టుగా రాశారు.

మా ప్రయోగశాలలో మధ్యకు కోసి నున్నగా సానపట్టిన నాడ్యూల్ ఒకటి ఉంది. చిన్న బంగాళాదుంపంత ఉంటుంది. రాయి కదా అని ఎత్తితే అనుకున్నదానికంటే తేలిగ్గా ఉంటుంది, కోయని వైపు వేలితో రుద్దితే పొయ్యి మసిలా నల్లగా అంటుకుంటుంది. కోసిన ముఖం మీద ఉల్లిపాయ పొరల్లాంటి వలయాలు కనిపిస్తాయి, నట్టనడుమ కందిగింజంత రాతిముక్క ఉంది; కొన్ని నాడ్యూల్స్‌లో ఆ చోట సొరచేప పన్ను ఉంటుంది. ఆ ముక్క చుట్టూ లోహం పది లక్షల ఏళ్లకు కొన్ని మిల్లీమీటర్ల చొప్పున పేరుకుంటుందని చెప్పి, ఆపైన ఈ వలయాలను విద్యార్థుల చేతికిచ్చి చూడమంటాను. వలయాలు లెక్కపెట్టడం మొదలుపెట్టిన పిల్లలు కాసేపటికి లెక్క ఆపేస్తారు. మెత్తటి బురద తప్ప మరేమీ లేని ఆ లోతుల్లో స్పంజికలు, పగడజాతి జీవులు అతుక్కుని బతకడానికి దొరికే గట్టి ఆధారం ఇదేనని, దీన్ని తీసేస్తే ఆ ఆధారం మనకు తెలిసిన ఏ కాలమానంలోనూ తిరిగి రాదని అప్పుడు వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. పెరూ తీరానికి దూరంగా 1989లో శాస్త్రవేత్తలు ప్రయోగం కోసం సముద్రగర్భాన్ని దున్నితే, 2015లో తిరిగి వెళ్లి చూసినప్పుడు కూడా ఆ చాళ్లు కనిపిస్తూనే ఉన్నాయి.

ఇంత సమాచారం ఒక్కరోజులో పోగైనది కాదు. సువాలో 1972లోనే పుట్టిన సోపాక్ అనే భూవిజ్ఞాన సంస్థ, జపాన్ ప్రభుత్వ సాయంతో 1985 నుంచి దీవుల జలాలను ఒక్కొక్కటిగా సర్వే చేయించింది. ఆ సంస్థే తరువాత పసిఫిక్ కమ్యూనిటీలో విలీనమై ఈ ప్రాజెక్టును చేపట్టింది. ఏ ఒక్క దీవీ సొంత ఖర్చుతో సర్వే ఓడను పంపగలిగేది కాదు కాబట్టి, నలుగురూ కలిసి ఒకే ఓడను పిలిపించుకున్న ఆ పాత పద్ధతిని ప్రాంతీయ సహకారానికి అసలైన ఉదాహరణగా నేను భావిస్తాను. (సువా పేరు వినగానే మనకు మరో సంగతి గుర్తుకు రావాలి: 1903 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి గిర్మిట్ అనే ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్ల వారసులు నేటికీ ఆ దేశ పౌరులు, ఫిజీ సముద్రం గురించిన నిర్ణయాలు వాళ్లవి కూడా.)

రెండో భాగమైన చట్టం విషయానికి వస్తే, ఈ సేవ ఎందుకు అవసరమైందో ముందు తెలియాలి. ఏ దేశపు జలాల్లోకీ రాని సముద్రగర్భం మానవాళి ఉమ్మడి ఆస్తి. దాని ఖనిజాల నిర్వహణ జమైకాలోని కింగ్‌స్టన్ కేంద్రంగా 1994లో ఏర్పడిన అంతర్జాతీయ సీబెడ్ అథారిటీది. అక్కడికి ఒక ప్రైవేటు కంపెనీ రావాలంటే సభ్యదేశం ఏదైనా దానికి పూచీ పడాలి. 21 చదరపు కిలోమీటర్ల నేల, సుమారు 12 వేల జనాభా ఉన్న నౌరు అలా పూచీ పడదలచి, రేపు ఆ కంపెనీ వల్ల సముద్రానికి నష్టం జరిగితే ఆ భారం తన నెత్తిన పడుతుందా అన్న ప్రశ్న లేవనెత్తింది. అంతర్జాతీయ సముద్ర చట్ట ట్రైబ్యునల్‌లోని ప్రత్యేక విభాగం 2011 ఫిబ్రవరి 1న దానికి జవాబిచ్చింది: పూచీ పడిన దేశానికి కంపెనీని అదుపులో ఉంచే చట్టాలూ యంత్రాంగమూ ఉండాలి, వాటిని శ్రద్ధగా అమలు చేసిన దేశం మీద కంపెనీ చేసిన నష్టాన్ని మోపరు, ఈ శ్రద్ధకు పెద్ద దేశానికీ చిన్న దేశానికీ ఒకటే కొలత. పక్కవాడి అప్పుకు హామీ సంతకం పెట్టి ఇల్లు పోగొట్టుకున్నవాళ్లను మన ఊళ్లలోనూ చూశాం గనుక, గట్టి చట్టం లేకుండా పూచీ పడటం ఒక చిన్న దేశానికి ఎంత ప్రమాదమో విడమరచి చెప్పనక్కర్లేదు. మన దేశం పరిస్థితి వేరు. హిందూ మహాసముద్రం నడుమ 75,000 చదరపు కిలోమీటర్లలో నాడ్యూల్స్ అన్వేషణకు భారత ప్రభుత్వమే 2002లో అథారిటీతో ఒప్పందం చేసుకుని, సొంత ఓడలనూ సొంత శాస్త్రవేత్తలనూ పంపుతోంది. నౌరుకు ఆ స్తోమత లేదు; కంపెనీని వెంటబెట్టుకుని వెళ్లడం తప్ప దానికి దారి లేదు.

ట్రైబ్యునల్ జవాబిచ్చిన ఏడాదే మొదలైన ప్రాజెక్టు, 2012లో ప్రాంతీయ చట్ట నిబంధనల చట్రాన్ని ప్రచురించింది. అనుమతులిచ్చే విధానం, నియంత్రణ సంస్థ, ముందుజాగ్రత్త సూత్రం, పర్యావరణ ప్రభావ అంచనా, ప్రజలతో సంప్రదింపులు, వచ్చే ఆదాయాన్ని రాబోయే తరాల కోసం నిధిగా దాచే మార్గం వంటివన్నీ ఇందులో ఉన్నాయి. సొంత జలాల్లోని తవ్వకానికీ అంతర్జాతీయ జలాల్లోని తవ్వకానికీ దేశం బాధ్యత ఎలా మారుతుందో వేరుచేసి చూపిన తీరు నాకు ప్రత్యేకంగా నచ్చింది, ఎందుకంటే ఈ రెండింటినీ కలగాపులగం చేయడం పత్రికల్లోనూ సర్వసాధారణం. చట్టాల ముసాయిదాలో ప్రాజెక్టు న్యాయ నిపుణులు నేరుగా సాయపడ్డారు. టోంగా, తువాలు 2014లో, నౌరు 2015లో, కిరిబాటి 2017లో సముద్రగర్భ ఖనిజాల చట్టాలు చేసుకున్నాయి. న్యాయశాఖ అంటే వేళ్ల మీద లెక్కపెట్టగల మనుషులే ఉండే దేశాల్లో ఇది చిన్న విజయం కాదు. ముగిసే ముందు, 2016లో, ఆర్థిక వ్యవహారాలకూ పర్యావరణ నిర్వహణకూ శాస్త్ర పరిశోధనకూ వేర్వేరు మార్గదర్శకాలు కూడా వచ్చాయి. శిక్షణ కార్యశాలల గురించి నేను విడిగా చెప్పేదేమీ లేదు. అవి అనుకున్న పని చేశాయి.

సేవ ఆలస్యంగా అందిన దేశం పాపువా న్యూ గినీ. బిస్మార్క్ సముద్రంలో, న్యూ ఐర్లండ్ దీవికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, 1,600 మీటర్ల లోతున ఉన్న సల్ఫైడ్ నిక్షేపాన్ని తవ్వడానికి నాటిలస్ మినరల్స్ అనే కెనడా కంపెనీకి 2011 జనవరిలోనే అక్కడి ప్రభుత్వం లీజు ఇచ్చింది. భూమి మీది గనుల కోసం 1992లో రాసుకున్న చట్టం కిందే ఆ పని జరిగిపోయింది. ఆ ప్రాజెక్టు పేరు సొల్వారా 1. సొల్వారా అంటే అక్కడి టోక్ పిసిన్ భాషలో ఉప్పునీరు. ప్రభుత్వం అందులో 15 శాతం వాటా కోసం సుమారు 12 కోట్ల అమెరికన్ డాలర్లు పెట్టింది, కంపెనీ ఒక్క టన్ను ఖనిజమైనా అమ్మకుండానే 2019లో దివాలా తీసింది, ఆ సొమ్ము నీళ్లపాలైంది. ఆ దేశ ప్రధాని జేమ్స్ మరాపే దీన్ని పూర్తి వైఫల్యమని బహిరంగంగా ఒప్పుకున్నారు.

ఆ డబ్బు కంటే నన్ను ఎక్కువగా బాధించేది న్యూ ఐర్లండ్ పడమటి తీరపు ఊళ్ల సంగతి. అక్కడి జాలర్లు కొబ్బరి చిప్పలను కర్రకు గుచ్చి చేసిన గిలకను పడవ పక్కన నీళ్లలో ఆడించి, ఆ చప్పుడుతో సొరచేపలను దగ్గరికి పిలిచి పట్టుకుంటారు. తరాలుగా వస్తున్న ఆ విద్యకు సముద్రం నిశ్శబ్దంగా ఉండాలి. లోతుల్లో యంత్రం రొద మొదలైతే సొరచేపలు రావన్నది వాళ్ల భయం. వాళ్ల సమ్మతిని ఎవరు అడగాలి, కాదంటే ఏం జరగాలి అన్న ప్రశ్నకు ప్రాంతీయ చట్రంలో సంప్రదింపులు అన్న మాట దొరుకుతుంది గానీ, సమ్మతి లేనిదే అనుమతి లేదన్నంత గట్టి మాట దొరకదు. పసిఫిక్ పౌర సంఘాలు ప్రాజెక్టు నడుస్తున్న రోజుల్లోనే ఈ లోపాన్ని ఎత్తిచూపాయి. వాళ్ల విమర్శ సబబైనదేనని నేను అనుకుంటాను. నేల మీద గ్రామసభ తీర్మానం కోసం పోరాడిన మన మన్యం ప్రాంతాలను ఎరిగిన ఎవరికైనా, సంప్రదించడానికీ సమ్మతి పొందడానికీ మధ్య ఎంత దూరముందో తెలుసు.

ఇక నా ప్రధానమైన ఫిర్యాదు. ఇదే సముద్రంలో ఇవే దేశాలు ట్యూనా చేపల విషయంలో ఏం చేశాయో చూడండి. మైక్రోనేషియా, కిరిబాటి, మార్షల్ దీవులు, నౌరు, పలావు, పాపువా న్యూ గినీ, సోలమన్ దీవులు 1982లో నౌరు ఒప్పందం కింద ఒక్కటయ్యాయి. తువాలు తరువాత చేరింది. పరాయి దేశాల పెద్ద ఓడలు తమ జలాల్లో ఎన్ని రోజులు వేటాడవచ్చో ఉమ్మడిగా నిర్ణయించి, ఆ రోజులను తమలో తాము పంచుకుని, ఏ దేశమూ ఇంతకంటే తక్కువకు అమ్మరాదని కనీస ధర పెట్టుకున్నాయి. ఆ ధర రోజుకు 8,000 డాలర్లకు చేరింది. 2010 ప్రాంతంలో ఏడాదికి సుమారు 6 కోట్ల డాలర్లుగా ఉన్న వాళ్ల ఉమ్మడి రాబడి, పదేళ్లు తిరగకుండానే 50 కోట్ల డాలర్ల దరిదాపులకు వెళ్లింది. చేపలు పెరిగినందువల్ల కాదు ఈ రాబడి. ఓడల యజమానులు ఒక దీవిని మరో దీవి మీదికి ఎగదోసి ధర తగ్గించే దారి మూసుకుపోయినందువల్ల.

ఆ ఎనిమిది దేశాలూ ఈ 15 దేశాల్లో ఉన్నాయి. పక్కనే ఇంత చక్కని నమూనా ఉండగా, ఖనిజాల ప్రాజెక్టు ప్రతి దేశానికీ విడిగా ఒక చట్టం కుట్టి ఇచ్చిందే తప్ప, పూచీ పడినందుకు కంపెనీ కట్టే రుసుముకు ఉమ్మడి కనీస ధరను గానీ, ఏ దేశమూ తగ్గించడానికి వీల్లేని పర్యావరణ ప్రమాణాన్ని గానీ ఒప్పందంగా మార్చలేదు. ప్రాంతీయ చట్రం సూచన మాత్రమే. పాటించకపోతే అడిగేవాళ్లు లేరు. ట్యూనా చేప సరిహద్దులు దాటి ఈదుతుంది కాబట్టి అక్కడ కలవక తప్పదు, నాడ్యూల్ ఉన్నచోటే ఉంటుంది కాబట్టి ఇక్కడ ఎవరి లెక్క వారిదే అన్న వాదన ఒకటి ఉంది. సొంత జలాల్లోని ఖనిజాలకు అది కొంతవరకు వర్తిస్తుంది కూడా. కానీ హవాయికీ మెక్సికోకూ నడుమ ఉన్న క్లారియన్–క్లిపర్టన్ మండలంలో నౌరు పూచీ పడిన కంపెనీ 2011లో, టోంగా పూచీ పడిన కంపెనీ 2012లో అథారిటీతో ఒప్పందాలు చేసుకున్నాయి. ఒక్కోదానికి దాదాపు 75,000 చదరపు కిలోమీటర్లు దక్కాయి, చివరికి ఆ రెండు కంపెనీలూ ద మెటల్స్ కంపెనీ అనే ఒకే యజమాని కిందికి చేరాయి. అమ్మేవాళ్లు ఇద్దరు, కొనేవాడు ఒక్కడు అయినచోట అమ్మేవాళ్లు మాట్లాడుకోకపోతే బేరం ఎవరి చేతిలోకి పోతుందో సంతకు వెళ్లిన రైతుకు తెలుసు.

న్యాయంగా మాట్లాడాలంటే, రాజకీయ బేరాలు నడపడం పసిఫిక్ కమ్యూనిటీ వంటి సాంకేతిక సంస్థ పని కాదు. అది దేశాధినేతల వేదిక అయిన పసిఫిక్ దీవుల ఫోరం పని. అయినా సేవను అందుకున్నవాళ్ల అవసరం ఏమిటో గుర్తించి, ఆ మాట ఫోరం ముందు పెట్టడం సేవ అందించేవాళ్ల బాధ్యతే.

2021 జూన్‌లో నౌరు, తవ్వకాల నిబంధనలను రెండేళ్లలో పూర్తి చేయాలని సీబెడ్ అథారిటీకి నోటీసు ఇచ్చింది. ఏడాది తిరిగేసరికి, 2022 జూన్‌లో, లిస్బన్ సముద్ర సదస్సులో పలావు తవ్వకాలను నిలిపివేయాలని కోరే దేశాల కూటమిని ప్రారంభించింది. ఫిజీ, సమోవా, మైక్రోనేషియా అందులో చేరాయి. 2023 ఆగస్టులో ఫిజీ, పాపువా న్యూ గినీ వంటి మెలనేసియా దేశాల నేతలు కూడా విరామం కోరారు. కుక్ దీవులది మరో దారి. జనాభా 15 వేలు, కానీ చేపల మీదా ఖనిజాల మీదా దానికే హక్కున్న ఆర్థిక జలాలు దాదాపు 20 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఏడు రెట్లు. 2022 ఫిబ్రవరిలో మూడు కంపెనీలకు అన్వేషణ అనుమతులిచ్చి, 2025లో ఆ దేశం సముద్రగర్భ ఖనిజాల గురించి ఫిబ్రవరిలో చైనాతోనూ ఆగస్టులో అమెరికాతోనూ విడివిడిగా మాట్లాడుకుంది. కుక్ దీవుల ఎంపికను నేను తప్పుపట్టను; పర్యాటకం తప్ప చెప్పుకోదగ్గ ఆధారం లేని దేశం తన అడుగున ఉన్న కోబాల్టు వైపు చూడటం సహజం. కానీ 15 వేల మంది ఒక పక్క, చైనా లేదా అమెరికా మరో పక్క కూర్చున్న బల్ల దగ్గర ఇరుగుపొరుగు దీవులు కూడా ఉండి ఉంటే ఆ సంభాషణ వేరుగా సాగేది.

చట్టం ఒక్కటే ఎంతవరకు కాపాడుతుందో 2025 ఏప్రిల్ చూపించింది. ద మెటల్స్ కంపెనీ తన అమెరికా శాఖ ద్వారా, సీబెడ్ అథారిటీని పక్కనబెట్టి, అమెరికా 1980లో చేసుకున్న సొంత చట్టం కింద వాణిజ్య తవ్వకానికి దరఖాస్తు పెట్టింది. ఆ దారిలో కంపెనీకి ఏ దీవి పూచీ అవసరం లేదు. పూచీ అవసరమే లేనప్పుడు, పూచీ షరతులను ఎంతో జాగ్రత్తగా రాసుకున్న నౌరు, టోంగా చట్టాలు ఎవరిని కట్టడి చేస్తాయి? ఆ ప్రాజెక్టు అందించిన రక్షణ అంతా కంపెనీకి దీవితో పని ఉన్నంతకాలమే చెల్లుబాటవుతుందన్న సంగతి దాని మార్గదర్శకాల్లో ఎక్కడా నాకు కనబడలేదు. ఖనిజాల మీద కూడా ఈ దీవుల ఉమ్మడి ఒప్పందం ఒకటి ఉండి, దాన్ని కాదని వెళ్లిన కంపెనీకి ఈ జలాల్లో రేవుగానీ సర్వే అనుమతిగానీ దొరకదని రాసి ఉంటే, పక్కదారి పట్టే ముందు ఏ కంపెనీ అయినా రెండుసార్లు ఆలోచించేది.

భూగర్భశాస్త్రం, పర్యావరణం, అంతర్జాతీయ చట్టం చదివే తెలుగు విద్యార్థులకు నేను ఈ వరస సూచిస్తాను: ముందు నాడ్యూల్స్ సంపుటం, తరువాత సల్ఫైడ్ల సంపుటం, ఆ వెంటనే 2012 చట్రం. ఫెర్రోమాంగనీసు పొరల సంపుటాన్ని తీరిక ఉన్నప్పుడు చదివినా నష్టం లేదు. చట్రం ముగించాక, 1982 నాటి నౌరు ఒప్పందం పాఠాన్ని కూడా తెచ్చుకోండి. అది కొద్ది పేజీలే ఉంటుంది, సాయంత్రం ఒక్క గంటలో అయిపోతుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని, చేపల పత్రంలో దేశాలు ఒకదానికొకటి ఇచ్చుకున్న మాటలు ఖనిజాల పత్రంలో ఏ అధ్యాయంలో ఉండాల్సిందో పెన్సిల్‌తో గుర్తుపెట్టండి. నా ప్రతిలో ఆ గుర్తు ఆర్థిక ఆదాయం గురించిన భాగం పక్కన ఉంది.